క్లాసులో ఏది, ఫోన్‌లో ఏది: కామర్స్, ఎంబీఏ అధ్యాపకులకు మిశ్రమ బోధనపై సమగ్ర మార్గదర్శి

మిశ్రమ బోధన (బ్లెండెడ్ లెర్నింగ్) అంటూ నేను మొదట చేసిన పని చెబితే నవ్వుతారు. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో చెప్పే అకౌంటింగ్ పాఠాన్ని కెమెరా ముందు నిలబడి యాభై నిమిషాలపాటు ఉన్నదున్నట్టు రికార్డు చేశాను. లింకు పంపి, మర్నాడు క్లాసుకు వెళ్లి ‘చూశారా?’ అని అడిగాను. అందరూ తలలు ఊపారు. సాయంత్రం యూట్యూబ్ లెక్కలు తెరిచి చూస్తే, ఎక్కువమంది నాలుగో నిమిషం దాటలేదు. చేసేది లేక అదే పాఠాన్ని మళ్లీ బోర్డు మీద చెప్పాను. పని రెండింతలు, ఫలితం పాతదే.

తప్పు వీడియోది కాదు. క్లాసులో చేసే పనినే ఎత్తి ఫోన్‌లో పెట్టాను తప్ప, ఏ పనికి ఏ చోటు సరిపోతుందో ఆలోచించలేదు. బ్లెండెడ్ లెర్నింగ్‌కు నిర్వచనాలు చాలా ఉన్నాయి. నేను పట్టుకున్నది ఒక్కటే: విద్యార్థి ఒంటరిగా చేయగలిగిన పని క్లాసు బయటికి వెళ్లాలి, నలుగురు కూడితే తప్ప జరగని పని క్లాసులోకి రావాలి. ఇంతకుముందున్న దానికి కొత్తగా ఏదో కలపడం కాదిది, ఉన్నదాన్ని సర్దుకోవడం.

నిజానికి తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇంటికి అచ్చు పాఠాలు పంపి, రేడియోలో పాఠాలు వినిపించి, సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రాల్లో క్లాసులు పెట్టింది. ఉద్యోగాలు చేసుకుంటూ బీకాం చదివినవాళ్లు ఆ కాలంలో ఎందరో. ఇంటర్నెట్ లేదన్న మాటే గానీ సర్దుబాటు సూత్రం అప్పుడే ఉంది.

ఈ వ్యాసం డిగ్రీ, పీజీ కళాశాలల్లో కామర్స్, మేనేజ్‌మెంట్ చెప్పేవారి కోసం. ఉదాహరణలన్నీ ‘అకౌంటింగ్ ఫర్ మేనేజర్స్’ పేపరు నుంచి తీసుకున్నాను, నాకు చేతనైనది అదే కాబట్టి. మార్కెటింగ్, హెచ్‌ఆర్ చెప్పేవారు తమ అంశాలు పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: గంటలు లెక్కపెట్టండి

ఒక క్రెడిట్‌కు సెమిస్టర్‌లో 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పేపరుకు కాగితం మీద 60 గంటలు. పండుగలు, మిడ్ పరీక్షలు, ఫ్రెషర్స్ డే, ప్లేస్‌మెంట్ శిక్షణ అంటూ పోయినవి తీసేస్తే మన చేతికి వచ్చేవి 45 నుంచి 50. ముందుగా ఈ నిజమైన అంకెను కాగితం మీద వేసుకోండి.

తర్వాత సిలబస్ పక్కన పెట్టుకుని ప్రతి అంశం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది నేర్చుకోవడానికి పక్కన మరో మనిషి కావాలా?

చిట్టా రాసి ఆవర్జాలోకి ఎక్కించే పద్ధతికి అక్కర్లేదు. నిష్పత్తుల సూత్రాలకు అక్కర్లేదు. తరుగుదల లెక్కలకు అక్కర్లేదు, తప్పు చేస్తే వెంటనే చెప్పే యంత్రం ఉంటే చాలు. కానీ ‘తరుగుదల ఖర్చే అయితే ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయింది?’ అన్న చిక్కు ఉంది చూశారూ, అది ఒంటరిగా వీడియో చూస్తే విడిపోదు. ఎవరో ఒకరు తప్పుగా వాదించాలి, మరొకరు అడ్డుతగలాలి. ధర నిర్ణయించడం, సరఫరాదారుతో బేరమాడడం, ఆస్తి అప్పుల పట్టీని అనుమానంగా చదవడం కూడా ఇలాంటివే.

‘థియరీ ఇంట్లో, ప్రాబ్లమ్స్ క్లాసులో’ అనే పంపకం చాలాచోట్ల వినిపిస్తుంది. నాకు అది నచ్చదు. మన సబ్జెక్టులో చాలా లెక్కలు యాంత్రికమైనవి, అవి ఇంటికి పోవచ్చు. భావాల్లోనే ముడులున్నాయి, అవే క్లాసులో ఉండాలి.

ఈ దశలోనే మరో గీత కూడా గీసుకోండి. ఫోన్‌లోకి రెండు గంటల పని పంపితే, క్లాసు నుంచో అసైన్‌మెంట్ల నుంచో రెండు గంటల పని తీసేయాలి. తీయకుండా కలుపుతూ పోతే ఒక పేపరు ఒకటిన్నర పేపరు అవుతుంది. అలా అయితే విద్యార్థి మూడో వారంలోనే చేతులెత్తేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు.

రెండో అడుగు: అనుమతి, హాజరు

ఇది విసుగు పుట్టించే పనే గానీ వదిలేస్తే చివర్లో మెడకు చుట్టుకుంటుంది. 2021 మేలో యూజీసీ మిశ్రమ బోధనపై ముసాయిదా పత్రం విడుదల చేసింది. ఏ కోర్సులోనైనా 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పి, మిగతాది తరగతిలో చెప్పే వెసులుబాటు అందులోని ప్రధానాంశం. దీన్ని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ నుంచి క్రెడిట్లు బదిలీ చేసుకునే నిబంధనతో చాలామంది కలిపేస్తారు. 2021 నాటి ఆ నిబంధనలోనూ 40 శాతమే కనిపిస్తుంది గానీ రెండూ వేర్వేరు. మొదటిది మీ పేపరును మీరే రెండు చోట్ల చెప్పడం. రెండోది విద్యార్థి బయటి కోర్సు చదివి క్రెడిట్లు తెచ్చుకోవడం.

అనుబంధ కళాశాల అయితే మీ విశ్వవిద్యాలయం ఏమంటుందో విభాగాధిపతి ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోండి. ముఖ్యంగా హాజరు సంగతి. 75 శాతం హాజరు, బయోమెట్రిక్ యంత్రం ఉన్నచోట ‘ఈ గంట ఆన్‌లైన్’ అంటే విద్యార్థి హాజరు పోతుంది. ఈ కారణంగానే నేను టైమ్‌టేబుల్‌లోని ఒక్క పీరియడ్‌ను కూడా రద్దు చేయను. ఇంటి పనిగా ఇచ్చే అసైన్‌మెంట్లను తగ్గించి, ఆ సమయంలో వీడియో, క్విజ్ పెడతాను. ఎవరి అనుమతీ అవసరం లేని పద్ధతి ఇది, కొత్తవాళ్లకు క్షేమం కూడా.

మూడో అడుగు: విద్యార్థి చేతిలో ఏముందో అడగండి

మొదటి క్లాసులోనే కాగితం మీద నాలుగు ప్రశ్నలు ఇవ్వండి. గూగుల్ ఫారం వద్దు, నెట్ లేనివాళ్లు అందులో కనిపించరు. ఫోన్ సొంతమా, ఇంట్లో ఇంకొకరితో పంచుకుంటున్నారా? రోజువారీ డేటా ఎన్ని గంటలకు అయిపోతుంది? కాలేజీకి రానుపోను ఎంతసేపు పడుతుంది? డిగ్రీ ఏ మాధ్యమంలో చదివారు?

జవాబులు మన ఊహలను తలకిందులు చేస్తాయి. బస్సులో రోజుకు రెండున్నర గంటలు గడిపే అమ్మాయికి తీరిక ఉన్నదే ఆ బస్సులో, సిగ్నల్ మాత్రం ఉండదు. ఆమెకు ముందుగా దించుకోగలిగిన ఆడియో కావాలి. పది నిమిషాల పాఠం 480పీ వీడియోగా సుమారు 50 ఎంబీ అవుతుంది. అదే పాఠం సాధారణ ఆడియోగా 5 ఎంబీ లోపే. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు సాయంత్రానికల్లా రీల్స్‌కు అయిపోయేవాళ్లకు ఈ తేడా పెద్దది. రీల్స్ మానుకొమ్మని ఉపన్యాసం ఇవ్వడం నేనెప్పుడో మానేశాను.

ఇక మాధ్యమం. తెలుగు మాధ్యమంలో బీకాం చదివి ఎంబీఏకు వచ్చినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా క్షుణ్ణంగా తెలుసు. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అన్నప్పుడే తడబడతారు. వాళ్లకు రానిది సబ్జెక్టు కాదు, పేర్లు. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టిన ఒక్క పేజీ పీడీఎఫ్ మొదటి వారంలో ఇస్తే, మీరు తీయబోయే పది వీడియోల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగో అడుగు: ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి

ఐదు యూనిట్లనూ ఒకేసారి మార్చకండి. వేసవి సెలవుల్లో ఉత్సాహం ఎక్కువై అలా చేసినవాళ్లను చూశాను, దసరా నాటికి వదిలేశారు. ఏటా విద్యార్థులు ఎక్కువగా తడబడే యూనిట్ ఒకటి మీకు తెలిసే ఉంటుంది. దాన్నే తీసుకోండి. నాకది మార్జినల్ కాస్టింగ్, బ్రేక్ ఈవెన్ (లాభమూ నష్టమూ లేని అమ్మకాల స్థాయి).

ఆ యూనిట్ చివర్లో విద్యార్థి ఏం చేయగలగాలో ముందు రాసుకోండి. ‘బ్రేక్ ఈవెన్ గురించి తెలుసుకుంటాడు’ అని రాస్తే లాభం లేదు. ‘ఒక చిన్న వ్యాపారి లెక్కలు చూసి, కొత్త ఒప్పందానికి ఒప్పుకోవాలో వద్దో చెప్పి, ఎందుకో సమర్థించగలుగుతాడు’ అని రాసుకోండి. అప్పుడు చివరి పరీక్ష ఎలా ఉండాలో, దానికి ముందు క్లాసులో ఏం జరగాలో, ఆ క్లాసుకు ఇంటి దగ్గర ఏం సిద్ధం కావాలో వెనకనుంచి ముందుకు అల్లుకుంటూ రావచ్చు.

ఐదో అడుగు: ఇంటి పాఠం తయారు చేయడం

ముందు వెతకండి, తర్వాతే తీయండి. 2017 జులైలో ప్రారంభమైన స్వయం వేదికలో మేనేజ్‌మెంట్ కోర్సులకు ఐఐఎం బెంగళూరు జాతీయ సమన్వయకర్త. అక్కడ బాగున్న భాగం ఒకటి దొరికితే ‘ఈ వీడియోలో ఈ నిమిషం నుంచి ఈ నిమిషం దాకా’ అని చెప్పి పంపండి. నెట్ ప్రెజెంట్ వాల్యూ సూత్రాన్ని మీ ముఖంతోనే చెప్పాల్సిన పని లేదు. మీ గొంతు అవసరమయ్యేది స్థానిక ఉదాహరణ దగ్గర, మీ పరీక్ష విధానం దగ్గర, ఏటా అందరూ చేసే తప్పు దగ్గర.

మీరే తీయాలనుకుంటే నిడివి ఆరేడు నిమిషాలు దాటనివ్వకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లోని 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఫిలిప్ గువో, మరి ఇద్దరు పరిశోధకులు వెలువరించిన ఫలితం ఇదే: వీడియో ఎంత పొడవున్నా జనం నిలిచేది ఆరు నిమిషాల దగ్గరే. పెద్ద స్టూడియోలో తీసినవాటి కంటే అధ్యాపకుడు తన బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినవి బాగా చూశారనీ, స్లైడ్ల కంటే చేత్తో రాస్తూ చెప్పినవి ఎక్కువగా నిలబెట్టాయనీ అదే పరిశోధన చెబుతోంది. డబ్బు లేని కాలేజీలకు ఇంతకన్నా మంచి వార్త ఉంటుందా?

నా సామగ్రి ఇది: పుస్తకాల దొంతర మీద బోర్లించిన ఫోను, కాలర్ మైకు, తెల్లకాగితాలు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు. ముఖం కనిపించదు, రాస్తున్న చెయ్యి కనిపిస్తుంది. స్క్రీన్ చూపించాల్సి వస్తే ఓబీఎస్ స్టూడియో ఉచితమే. చిత్రం మసకగా ఉన్నా విద్యార్థులు ఓర్చుకుంటారు గానీ మాట గరగరలాడితే ఓర్చుకోరు. అందుకే ఖర్చు పెట్టేదేదో మైకు మీదే పెట్టండి. ఫ్యాన్ ఆపడం మరచిపోవద్దు.

ఒక వీడియోలో ఒకే సంగతి చెప్పండి. నేను చేసిన మొదటి మంచి వీడియో ఇడ్లీ బండి గురించినది. ప్లేటు ధర రూ.40. ప్లేటుకు పిండి, గ్యాస్, చట్నీ, ఆకు కలిపి రూ.22. అంటే ఒక్కో ప్లేటు మీద చేతిలో మిగిలేది రూ.18, దాన్నే కాంట్రిబ్యూషన్ అంటాం. స్థలం అద్దె, సహాయకుడి జీతం కలిపి నెలకు రూ.27,000. 27,000ను 18తో భాగిస్తే నెలకు 1,500 ప్లేట్లు, రోజుకు 50. యాభై ఒకటో ప్లేటు నుంచి లాభం. ఐదున్నర నిమిషాల్లో ఇంతే చెప్పి ఆపాను. గ్రాఫు జోలికి పోలేదు.

వీడియోతోపాటు అదే లెక్క ఉన్న ఒక పేజీ పీడీఎఫ్, ఆడియో ఫైలు కూడా పెట్టండి. అన్నీ ఒకేచోట ఉండాలి. కాలేజీలో మూడ్ల్ (ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే మూడ్ల్, లేకపోతే గూగుల్ క్లాస్‌రూమ్. ఏది వాడుతున్నామన్నది పెద్ద విషయం కాదు. ఈ వారం ఒకచోట, వచ్చే వారం మరోచోట పెట్టడమే పెద్ద తప్పు.

ఆరో అడుగు: ముందురోజు రాత్రి ఐదు ప్రశ్నలు

ఇంటికీ క్లాసుకూ మధ్య వంతెన ఇది. దీన్ని వదిలేసినవారి మిశ్రమ బోధన రెండు ముక్కలుగా విడిపోతుంది. క్లాసుకు ముందురోజు రాత్రి తొమ్మిది లోపు ఐదు ప్రశ్నల క్విజ్ ముగియాలి. నాలుగు ప్రశ్నలు యంత్రమే దిద్దేవి. ఐదోది ఎప్పుడూ ఒకటే: ‘ఈ పాఠంలో ఎక్కడ తికమకపడ్డారు? ఒక వాక్యంలో రాయండి.’

క్విజ్ అంటే మార్కుల కోసమే అనుకుంటాం. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో చూపించారు. ఈ క్విజ్ కూడా పాఠంలో భాగమే అన్నమాట. రెండు, మూడుసార్లు ప్రయత్నించే అవకాశం ఇవ్వండి.

నాకు మాత్రం ఆ ఐదో ప్రశ్నే అసలు పెన్నిధి. తొమ్మిదిన్నరకు టీ కప్పుతో కూర్చుని జవాబులన్నీ చదువుతాను, పావుగంట పడుతుంది. ఇడ్లీ బండి పాఠానికి ఒక విద్యార్థి ఇలా రాశాడు: ‘సార్, బండి ఆవిడ తనకు జీతం తీసుకోదా?’ నేను రాసిన లెక్కలో ఆ పొరపాటు అప్పటిదాకా నాకే తట్టలేదు. మర్నాటి క్లాసు ఆ వాక్యంతోనే మొదలైంది.

ఏడో అడుగు: క్లాసు గంట

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు వీడియో తీయడానికి పడే శ్రమలో సగం కూడా ఈ గంట మీద పెట్టరు. పాఠం ఇంట్లోనే అయిపోయాక క్లాసులో ఏం చేయాలో తోచక, మళ్లీ పాఠమే చెప్పేస్తారు.

యాభై నిమిషాల పీరియడ్‌ను నేను ఇలా వాడతాను. మొదటి ఏడెనిమిది నిమిషాలు రాత్రి వచ్చిన తికమకలకు. పేర్లు చెప్పకుండా మూడు వాక్యాలు బోర్డు మీద రాస్తాను, జవాబు క్లాసునే చెప్పమంటాను.

తర్వాత ఒక ఓటింగ్ ప్రశ్న. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడిన పద్ధతి ఇది, మన సబ్జెక్టుకు అచ్చంగా సరిపోతుంది. ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారు ఆలోచించి ఓటు వేయమంటారు. జవాబులు చీలిపోతే పక్కవాళ్లను ఒప్పించమంటారు. మళ్లీ ఓటు. దీనికి యాప్ అక్కర్లేదు. అ, ఆ, ఇ అని రాసిన అట్టముక్కలు మూడేసి ప్రతి బెంచీకీ ఇస్తే చాలు.

నా ప్రశ్న: ‘బండి స్థలం అద్దె నెలకు రూ.3,000 పెరిగింది. మిగతావేవీ మారలేదు. ప్లేటు మీద కాంట్రిబ్యూషన్ ఏమవుతుంది? అ. తగ్గుతుంది. ఆ. పెరుగుతుంది. ఇ. మారదు.’ మొదటి ఓటులో ఏటా ‘అ’ అట్టలే ఎక్కువగా లేస్తాయి. ఖర్చు పెరిగితే మిగులు తగ్గాలి కదా అన్నది వాళ్ల తర్కం. మూడు నిమిషాలు పక్కవాళ్లతో కొట్లాడుకున్నాక చాలామంది ‘ఇ’ వైపు వస్తారు. కాంట్రిబ్యూషన్ రూ.18గానే ఉంటుంది, కదిలేది బ్రేక్ ఈవెన్. నెలకు 1,500 ప్లేట్లు కాస్తా 1,667 అవుతాయి. ఈ ముక్క నేను చెబితే రాసుకుంటారు, స్నేహితుడు చెబితే అర్థం చేసుకుంటారు. చిన్నబుచ్చుకోకుండా ఒప్పుకోవాల్సిన సంగతి ఇది.

మిగిలిన ముప్పై నిమిషాలు నిర్ణయానికి. ‘ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్ వచ్చి, ప్లేటు ధరలో 25 శాతం కమీషన్ అడిగింది. ఆవిడ ఒప్పుకోవాలా?’ కమీషన్ రూ.10 పోతే కాంట్రిబ్యూషన్ రూ.18 నుంచి రూ.8కి పడిపోతుంది. సగం క్లాసు వెంటనే ‘వద్దు’ అంటుంది. మిగతా సగం ‘ఎనిమిదైనా అదనమే కదా’ అంటుంది. ఇద్దరూ సగమే చెప్పారు. యాప్ ద్వారా వచ్చింది కొత్త గిరాకీ అయితే ప్లేటుకు ఎనిమిది రూపాయలు లాభం. రోజూ బండి దగ్గరికి వచ్చే మనిషే ఇంట్లో కూర్చుని యాప్‌లో తెప్పించుకుంటే ప్లేటుకు పది రూపాయలు నష్టం. యాప్‌లో వచ్చిన ప్రతి 100 ప్లేట్లలో కనీసం 56 కొత్తవారివి అయితేనే ఆవిడకు మిగులుతుంది. ఆ 56 దగ్గరికి క్లాసు తనంతట తానే చేరేదాకా నోరు మెదపకుండా ఉండడం ఈ వృత్తిలో నేను నేర్చుకున్న అతి కష్టమైన విద్య.

అన్ని అంశాలకూ ఇడ్లీ బండి చాలదు. కార్పొరేట్ పాలన, ఆడిట్ దగ్గరికి వచ్చినప్పుడు మనకు ఇంటిదగ్గరే పెద్ద కేసు ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ బోర్డుకు రాసిన లేఖ బహిరంగ పత్రమే, నాలుగైదు పేజీలు మించదు. దాన్ని ఇంటికి ఇచ్చి క్విజ్‌లో అంకెలు అడుగుతాను. లేని నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,040 కోట్లు. లేని వడ్డీ రూ.376 కోట్లు. చూపని అప్పు రూ.1,230 కోట్లు. ఎక్కువ చేసి చూపిన రావలసిన బాకీలు రూ.490 కోట్లు. మొత్తం ఎంత? రూ.7,136 కోట్లు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో చూపిన ఆదాయం రూ.2,700 కోట్లు, లాభం రూ.649 కోట్లు. అసలు ఆదాయం రూ.2,112 కోట్లు, లాభం రూ.61 కోట్లు. రెండింటికీ లాభశాతం కట్టమంటాను: 24, 3. ఇదంతా ఒంటరిగా చేసే పని.

క్లాసులో మాత్రం లెక్కలు ఉండవు, పాత్రలుంటాయి. ఒక గుంపు ఆడిటర్లు, ఒక గుంపు స్వతంత్ర డైరెక్టర్లు, ఒక గుంపు బ్యాంకు, ఒక గుంపు ఉద్యోగులు. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను కొనాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకు వచ్చిన రోజు దగ్గర గడియారం ఆపి, ‘ఇప్పుడు మీ ముందున్న కాగితాలు ఇవి. మీరు ఏ ప్రశ్న అడుగుతారు?’ అంటాను. బ్యాంకు నిల్వను కంపెనీ ఇచ్చిన కాగితం చూసి నమ్మాలా, నేరుగా బ్యాంకునే అడగాలా అన్న చర్చ రాకుండా ఆ గంట ముగియదు. ఒక జాగ్రత్త: హైదరాబాద్ చుట్టుపక్కల క్లాసుల్లో ఎవరో ఒకరి ఇంట్లో ఆ కంపెనీలో పనిచేసినవాళ్లు ఉండవచ్చు. ఎగతాళికి చోటివ్వకండి.

చదవకుండా వచ్చినవాళ్లను ఏం చేయాలి?

ఇది అడుగు కాదు, గుంట. అందరూ పడేది ఇక్కడే. మొదటి వారాల్లో క్లాసులో మూడోవంతు మంది వీడియో చూడకుండా వస్తారు. జాలిపడి మీరు ‘సరే, క్లుప్తంగా చెబుతాను’ అన్నారో, ఆట ముగిసింది. చూసి వచ్చినవాడు కూడా వచ్చేవారం చూడడు. చూస్తే వాడికి ఒరిగేదేమిటి మరి?

నేను చేసేది ఇది. క్విజ్ రాయనివారు వెనక రెండు బెంచీల్లో కూర్చుని, మొదటి పదిహేను నిమిషాలు ఫోన్లో వీడియో చూసి, పీడీఎఫ్ చదివి, తర్వాత వచ్చి చర్చలో కలుస్తారు. తిట్లు ఉండవు, సంజాయిషీలు ఉండవు. ఫోన్ లేనివాళ్ల కోసం పది అచ్చు కాపీలు నా సంచిలో ఉంటాయి. పాఠం మాత్రం మళ్లీ చెప్పను. నాలుగో వారానికి ఆ వెనక బెంచీలు దాదాపు ఖాళీ అవుతాయి. పూర్తిగా ఖాళీ అయిన ఏడాది మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఎనిమిదో అడుగు: మార్కులు, ఏఐ

మార్కులు లేని పనిని విద్యార్థి పనిగా చూడడు, ఇందులో అతన్ని తప్పుపట్టలేం. ఇంటర్నల్స్‌కు ఉన్న 30 లేదా 40 మార్కుల్లో మీ చేతిలో ఉన్న భాగాన్ని పంచండి. క్విజ్‌లకు ఒక పిసరు చాలు, పదింటిలో ఉత్తమమైన ఎనిమిది లెక్కలోకి తీసుకుంటే జ్వరాలు, పెళ్లిళ్లు, కరెంటు కోతల గొడవలన్నీ తీరిపోతాయి. పెద్ద వాటా క్లాసులో చేసిన పనికీ, ఒక ప్రాజెక్టుకూ వెళ్లాలి.

ఇంటి అసైన్‌మెంటును చాట్‌బాట్ రాసిపెడుతున్న కాలం ఇది. పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ల మీద నాకు నమ్మకం లేదు, నిర్దోషిని దొంగగా చూపే ప్రమాదం ఉంది. దానికి బదులు పనినే మార్చాను. నలుగురేసి గుంపులుగా తమ ఊళ్లోని ఒక చిన్న వ్యాపారం దగ్గరికి వెళ్లాలి. టైలరు, కిరాణా కొట్టు, పాల కేంద్రం, ఏదైనా సరే. అనుమతి అడిగి లెక్కలు సేకరించాలి, బ్రేక్ ఈవెన్ కట్టాలి, యజమానికి ఒక సలహా చెప్పాలి, ఆయన ఏమన్నాడో రాయాలి. నివేదికకు సగం మార్కులే. మిగతా సగం ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు అడిగే ప్రశ్నలకు: ‘ఈ రూ.4,200 ఎక్కడిది? కరెంటు బిల్లును స్థిర వ్యయంలో ఎందుకు వేశారు?’ నివేదిక ఎవరు రాసినా, ఏది రాసినా, ఈ రెండు నిమిషాల్లో బయటపడుతుంది. అరవై మందికి రెండు గంటలు పడుతుంది, అరవై నివేదికలు దిద్దడం కంటే తక్కువే.

చాట్‌బాట్‌ను నిషేధించను కూడా. అప్పుడప్పుడు అది ఇచ్చిన జవాబును అచ్చువేసి క్లాసులో పంచి, తప్పులు పట్టమంటాను. ఇంత ఉత్సాహంగా వాళ్లు దేన్నీ దిద్దరు.

వాట్సాప్ గ్రూపు గురించి

కావాలి, కానీ నోటీసు బోర్డుగానే. సందేహాలన్నీ అందులో మొదలైతే రాత్రి పదకొండింటికి కూడా మీరు డ్యూటీలో ఉన్నట్టే. పాఠాలకు సంబంధించిన ప్రశ్నలు మూడ్ల్ చర్చా వేదికలోనో క్లాస్‌రూమ్ వ్యాఖ్యల్లోనో అడగమనండి, అక్కడైతే వచ్చే బ్యాచ్‌కూ పనికొస్తాయి. జవాబు ఎప్పుడిస్తారో ముందే చెప్పండి. నేను సాయంత్రం ఆరు నుంచి ఏడు అన్నాను. ఆలోపు విద్యార్థులే ఒకరికొకరు జవాబులు చెప్పేసుకుంటున్నారు.

తొమ్మిదో అడుగు: మూడో వారంలో అడగండి, చివర్లో కాదు

సెమిస్టర్ ముగిశాక కాలేజీ తీసుకునే అభిప్రాయ సేకరణ మీకు ఎందుకూ పనికిరాదు. మూడో వారంలో చీటీలు పంచి రెండే ప్రశ్నలు అడగండి: ఏది కొనసాగించాలి, ఏది మానాలి? ఒక బ్యాచ్ ‘వీడియోలో మీరు రాసింది ఆఖరున ఒక్కసారి పూర్తిగా చూపించి ఆపండి, స్క్రీన్‌షాట్ తీసుకుంటాం’ అంది. ఐదు సెకన్ల పని, నాకు తట్టలేదు. వాళ్లు అడిగిన వాటిలో ఒకటైనా మర్నాడే మార్చి చూపించండి.

మూడ్ల్ లెక్కల్లో ఎవరు ఏది తెరిచారో కనిపిస్తుంది. రెండు వారాలుగా ఏదీ తెరవని విద్యార్థికి ఫోన్ చేయండి. నా అనుభవంలో సగం సందర్భాల్లో కారణం బద్ధకం కాదు, ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది, లేదా రాత్రిపూట ఉద్యోగంలో చేరి ఉంటాడు.

మీ సమయం లెక్క కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఆరు నిమిషాల వీడియోకు నాకు మూడు గంటలు పట్టేది. ఇప్పుడు నలభై నిమిషాలు. ఒక యూనిట్ నిలబడ్డాక మరుసటి సెమిస్టర్‌కు ఇంకొకటి చేర్చండి. ఐదు యూనిట్లు పూర్తి కావడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది.

వీడియోలు తీసేటప్పుడే ఒక ముందుచూపు ఉంటే ఆ శ్రమ వృథా కాదు. మారిపోయే అంకెలను వీడియోలో పలకకండి. జీఎస్టీ శ్లాబులు చెబుతూ నేను తీసిన మూడు వీడియోలు, ఆ శ్లాబులు మారిన 2025 సెప్టెంబరు 22న ఒక్కరోజులో పాతబడ్డాయి. 12 శాతం, 28 శాతం అని పదేపదే అన్నాను మరి. ఇప్పుడు వీడియోలో ‘ప్రస్తుత రేటు పక్కనున్న పట్టికలో చూడండి’ అంటాను. ఆ పట్టిక ఒక పేజీ కాగితం, మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆదాయపు పన్ను, వడ్డీ రేట్లు, కనీస వేతనాలు, కంపెనీ చైర్మన్ల పేర్లు కూడా ఆ కాగితంలోకే పోయాయి. ఇడ్లీ ప్లేటు ధర ఒక్కటే వీడియోలో ఉండిపోయింది. అదీ వచ్చే ఏడాది మళ్లీ తీయాల్సి వచ్చేలా ఉంది, మా వీధిలో ఇప్పటికే యాభై అయింది.